రెండు ముళ్ల బంగారు వాచీ

మా అత్తమ్మ కళ్లు మూసే ముందు తన కూతుర్ని చూసుకోలేకపోయింది. అందుకు వానే కారణమని బంధువులు అంటారు, బస్సు కారణమని మా బామ్మర్ది అంటాడు. కారణం నేను. ఇన్నాళ్లూ దీన్ని కాగితం మీద పెట్టకపోవడానికి సిగ్గు తప్ప ఇంకో అడ్డంకి లేదు. పెట్టాలంటే నా వాచీల పిచ్చి దగ్గర మొదలుపెట్టాలి.

సారపాక కాగితపు మిల్లులో నేను మెకానిక్‌ని. ఆవిరి ఒత్తిడి చూపించే మీటర్లు, వేడి చూపించే మీటర్లు బాగు చేయడం నా పని. పుట్టింది ఇల్లందులో, బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో. బంగారు వాచీ అనేది మా ఇంటా వంటా లేదు. మా నాయన చేతికి కీ ఇచ్చే వాచీ ఒకటి ఉండేది, దాని అద్దం లోపల కూడా బొగ్గు పొడే ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక రోజు, నా భార్య ముక్కుపుడక మర విరిగితే అతికించుకురావడానికి భద్రాచలంలో కంసాలి దుకాణానికి వెళ్లాను. నాకంటే ముందు ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పాత బంగారు వాచీ ఒకటి ఇచ్చి, దాన్ని కరిగించి మనవరాలికి చెవి పోగులు చేయమన్నాడు. కంసాలి వెనక మూత ఊడదీశాడు, లోపలి యంత్రాన్ని చిమటాతో పీకి చెత్తడబ్బాలో వేశాడు, ఒట్టి బంగారపు చట్రాన్ని మూసలో పెట్టి గ్యాసు మంట వదిలాడు. రెండు నిమిషాల్లో అది గోళీకాయంత ముద్ద అయింది. ఆ పెద్దమనిషి సంతోషంగా చూస్తున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎవరి వాచీ వాళ్లిష్టం, నాకేం పని? అయినా మండింది.

చెత్తడబ్బాలోంచి ఆ యంత్రాన్ని ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాను. రూపాయి బిళ్లంత పలుచన. అందులో వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ చుట్ట, చీమ తలకాయంత పళ్ల చక్రాలు. మిల్లులో నేను చూసే సామాను అంతా మోటు సరుకు. ఇంత చిన్నగా, ఇంత నునుపుగా పని చేసిన చెయ్యి ఎవరిదో అని ఆ రోజంతా దాన్ని భూతద్దం కింద పెట్టుకుని కూర్చున్నాను. నా భార్య అన్నం చల్లారిపోతుందని నాలుగుసార్లు పిలిచి, ఐదోసారి తాను తినేసింది.

అప్పటి నుంచి కంసాలికి చెప్పిపెట్టాను. సెల్లుతో నడిచే పాత బంగారు వాచీ ఏది వచ్చినా మంటలో పెట్టే ముందు నాకు కబురు చెయ్యి, అంతే ఎత్తు బంగారం నేనిస్తాను, అని. అట్లా మొదటి వాచీకి నా వేలి ఉంగరం పోయింది. పెళ్లిలో మా అత్తమ్మ పెట్టిన ఉంగరం అది. ఈ సంగతి అత్తమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. వేలు చూసినప్పుడల్లా మిల్లులో యంత్రాల దగ్గర ఉంగరం పెట్టుకోనివ్వరని బొంకేవాణ్ని.

మా వైపు ఇట్లాంటి వాచీలు ఉంటాయని ఎవరూ అనుకోరు. ఉండేవి. అప్పటికి ఇరవయ్యేళ్ల కింద కలప కాంట్రాక్టర్లు బాగా సంపాదించిన రోజుల్లో బొంబాయి నుంచి తెప్పించుకున్నవి, మధిర పత్తి వ్యాపారుల ఇళ్లలో అల్లుళ్లకు పెట్టినవి, ఖమ్మంలో పెద్ద డాక్టర్లకు ఎవరో విదేశాల నుంచి తెచ్చి ఇచ్చినవి. కీ ఇచ్చే వాచీ ఆగితే బాగు చేయించుకుంటారు. సెల్లు వాచీ ఆగితే ఇక చచ్చిందనుకుని బీరువాలో పడేస్తారు, ఆ తర్వాత బంగారం కోసం కరిగిస్తారు. మంట కన్నా ముందు నేను అందుకోవాలి. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి ఏదో ఒక ఊరు పోయేవాణ్ని. ఐదారేళ్లలో పదకొండు పోగయ్యాయి.

వాటిని దాచింది పోపుల డబ్బాల్లో. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు గిన్నెలు, ఒక్కో గిన్నెకు ఒక్కో వాచీ. వాటికి అంతకన్నా బాగా కుదిరే పెట్టె నాకు ఎక్కడా కనిపించలేదు. మొదటి డబ్బా నా భార్య కొత్తగా కొనుక్కున్నది.

“ఏందయ్యా ఇది? జీలకర్ర వొంపి గడియారం పెట్టినవా? ఇగ కూరల ముళ్లు వేసుకొని తింటవా?” అంది.

నవ్వుతూనే అంది. కానీ డబ్బా తిరిగి అడగలేదు. ఆవాలూ జీలకర్రా హార్లిక్స్ సీసాల్లోకి మారాయి.

ఆ డబ్బాల చుట్టూ నేను పెట్టిన నియమాలు అన్నీ ఇన్నీ కావు. మడి కట్టుకున్నట్టే. తడి చేత్తో ముట్టకూడదు. ముట్టాక మెత్తటి మల్లు గుడ్డతో తుడవాలి. చెమ్మ పూర్తిగా ఆరాకే గిన్నెలో పెట్టాలి. మిల్లుకు వచ్చే మీటర్ల పెట్టెల్లో చెమ్మ పీల్చే గుళికల పొట్లాలు ఉంటాయి, అవి తెచ్చి ఒక్కో గిన్నెలో ఒకటి వేసేవాణ్ని. మా దగ్గర వానాకాలం గోదావరి పెరిగితే గోడలకు కూడా చెమట పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, లోపల సెల్లు ఉంచకూడదు. అయిపోయిన సెల్లు కారుతుంది. ఆ కారిన మందు రాగితీగను తినేస్తే వాచీ నిజంగానే చస్తుంది. అందుకే పదకొండింటికీ సెల్లు తీసేసి పెట్టేవాణ్ని. ఆదివారం ఒక్కోదానికీ సెల్లు వేసి, కాసేపు నడిపించి, మళ్లీ తీసేవాణ్ని. ఆ పలుచటి సెల్లు భద్రాచలంలో దొరికేది కాదు. ఖమ్మమో విజయవాడో పోవాలి.

నడిపిస్తున్నంతసేపూ భార్యకు గొప్పలు చెప్పేవాణ్ని. “నెల మొత్తం నడిచినా పది సెకండ్లు తేడా రాదు తెల్సా? ఊళ్లె గడియారాలన్నీ తప్పినా ఇది తప్పదు.” అవును, నేనే అన్నాను. ఒకసారి కాదు, ప్రతి ఆదివారం. మా గోడ గడియారాన్ని వెక్కిరించేవాణ్ని కూడా. డ్యూటీకి ఆలస్యం కాకూడదని దాన్ని పది నిమిషాలు ముందుకు పెట్టింది నేనే, అబద్ధాల గడియారమని పేరు పెట్టిందీ నేనే.

ఆ పదకొండింటిలో ఆడవాళ్ల వాచీ ఒక్కటే. మధిరలో ఒక పత్తి వ్యాపారి ఇంటి నుంచి వచ్చింది. బంగారు తీగను జడలాగా అల్లిన పట్టీ, చింతగింజ కన్నా కొంచెం పెద్ద ముఖం. అంకెలు లేవు, రెండే ముళ్లు. సెకండ్ల ముల్లు లేదు. ఇట్లాంటి ఖరీదైన పలుచటి వాచీలకు అది పెట్టరు, చప్పుడూ ఉండదు. చెవి దగ్గర పెట్టుకున్నా నడుస్తుందో లేదో తెలియదు. మామూలు సెల్లు వాచీలో సెల్లు అయిపోవస్తే సెకండ్ల ముల్లు నాలుగేసి సెకండ్లు దూకి హెచ్చరిస్తుంది. దీనికి ఆ హెచ్చరిక లేదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

నా భార్య దాన్ని ఒక్కసారి పెట్టుకుంటానని మూడేళ్లు అడిగింది. ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. చేతికి సూదుల పోట్లు తప్ప నగ అంటూ లేదు. ఎప్పుడడిగినా చెమట అనో, వాన అనో, పట్టీ గొళ్లెం వదులుగా ఉందనో ఒక సాకు చెప్పేవాణ్ని. చివరికి ఒక శ్రావణమాసంలో, ఆమె చిన్ననాటి స్నేహితురాలి కూతురి పెళ్లి వచ్చింది. భద్రాచలంలో, బస్టాండుకు ఐదు నిమిషాల దూరంలో.

“ఒక్క పూట పెట్టుకుంటే అరిగిపోతదా? నీ పక్కన పండుకునే మనిషికంటె అదే ఎక్కువైందా నీకు?” అంది ఆ రోజు పొద్దున. ఈసారి నవ్వలేదు.

నాకు ఎనిమిదింటికి డ్యూటీ. తొందరలో ఉన్నాను, చిరాకులో ఉన్నాను. సొరుగులో సెల్లు పొట్లం తీశాను. కొత్తది ఒక్కటే ఉంది. దాన్ని ఆదివారానికి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన మగవాచీకి అట్టిపెట్టుకున్నాను. పక్కనే ఎన్నో ఆదివారాలు వాడిన పాత సెల్లు ఉంది. పూటకు సరిపోతుందిలే అనుకున్నాను. పెళ్లిలో టైమ్ ఎవరు చూస్తారు, నలుగురికీ చూపించుకోవడానికే కదా అని కూడా అనుకున్నాను. పాతదే వేశాను. ముళ్లు సరిచేసి, నా చేత్తోనే ఆమె చేతికి పెట్టాను. పెద్ద దానం చేసినవాడిలాగా జాగ్రత్తలు మళ్లీ ఒకసారి చదివి డ్యూటీకి పోయాను. ఆమె ముఖం ఎంత వెలిగిపోయిందో ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని తలుచుకోవడం కూడా నాకు ఇష్టం ఉండదు.

తర్వాత జరిగింది ఆమె చెప్పగా తెలిసినదే. పొద్దున్నుంచీ ముసురు. ఎండ జాడ లేదు, పొద్దు ఎంతయిందో ఆకాశం చూసి చెప్పే వీలు లేదు. పందిట్లో భోజనాలు నడుస్తుండగా పెళ్లివాళ్ల ఇంటికి ఫోన్ వచ్చింది. చేసింది నా భార్య తమ్ముడు. వాళ్ల ఊరు దుమ్ముగూడెం దాటాక, అడవి అంచున. ఆ పెళ్లికూతురి తల్లిదీ అదే ఊరు కాబట్టి నంబరు అతని దగ్గర ఉంది.

“అక్కా, అమ్మకు ఆయాసం ఎక్కువైంది. పొద్దటి సంది నిన్నే అడుగుతంది. మూడున్నర బస్సుకు రా, జల్దీ రా” అన్నాడు.

ఆ ఊరికి రోజుకు రెండే బస్సులు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం మూడున్నరకు ఒకటి. నా భార్య చేతికి చూసుకుంది. రెండుంబావు. బోలెడు టైముంది. నిజానికి అప్పటికి మూడు కావస్తోంది. పాత సెల్లు ఆగిపోలేదు, ఆగిపోతే ఆమె కనిపెట్టేది. చావలేక బతకలేక ముళ్లను ఈడుస్తోంది. నడుస్తూనే వెనకబడింది. ఆమె ఆటో ఎక్కి, గోదావరి వంతెన దాటి సారపాకలో మా ఇంటికి వచ్చింది. ఇంట్లో గోడ గడియారం మూడూ ఇరవై చూపించింది. పది నిమిషాలు తీసేస్తే మూడూ పది. అప్పుడే వెనక్కి తిరిగి ఉంటే బస్సు దొరికేది. చేతికి ఉన్నది మాత్రం రెండున్నర చూపిస్తోంది. రెండింటినీ చూసింది. ఏది నమ్మాలో ఆమెకు నేను ఎన్నో ఆదివారాలు చెప్పి పెట్టాను కదా.

ఇరవై నిమిషాలు ఇంట్లో ఉండి, వాచీ డబ్బాలో పెట్టి, తీరిగ్గా తాళం వేసి బస్టాండుకు పోయింది. బస్సు వెళ్లిపోయి పావుగంట అయిందని అక్కడ చెప్పారు. నమ్మలేక ఇద్దరు ముగ్గుర్ని అడిగిందట. జీపులవాళ్లను అడిగింది. వాగుల మీదికి నీళ్లొస్తున్నాయి, చీకటి పడితే ఆ దారిలో రామన్నారు.

ఐదున్నరకు నేను ఇంటికి వచ్చేసరికి గడప మీద కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ల నిండా బురద. “బస్సు పాయె” అని మాత్రం అంది. ఎట్లా పోయిందని అడిగితే రెండు గడియారాల సంగతి చెప్పింది. “గోడదే ఇంకా ముంగటికి ఉరికిందనుకున్న. నీది తప్పదంటివి గద” అంది. నన్ను నిలదీయడానికి అన్న మాట కాదది. తనకు అర్థం కానిదాన్ని నన్ను అడుగుతోంది, వాచీల గురించి తెలిసినవాణ్ని కాబట్టి. నేను లోపలికి పోయి డబ్బా తెరిచాను. ముళ్లు మూడుకు పది నిమిషాల దగ్గర ఆగి ఉన్నాయి.

“ఒక్కోసారి గట్లయితది” అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. నాకు నోరు రాలేదు అని రాయబోయాను కానీ అది అబద్ధం. నోరు వచ్చింది, దాన్ని ఆ అబద్ధానికి వాడుకున్నాను.

తెల్లారి మొదటి బస్సుకు వెళ్లాం. అత్తమ్మను అప్పటికే వాకిట్లో పడుకోబెట్టారు. ముందు రోజు ఏడున్నరకు పోయిందట. నా భార్య బస్సు దిగి ఆ ఇల్లు చేరేదాకా ఏడవలేదు. తల్లి పాదాలు పట్టుకున్నాక ఆమె పెట్టిన అరుపు విని నేను ఇంటి వెనక్కి పోయాను. మా బామ్మర్ది అక్కడికే వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నన్ను ఓదార్చడానికి వచ్చాడు.

“దవాఖానాకు పోదామంటె వినలేదు బావా. నా బిడ్డ వొచ్చినంక పోదాం అన్నది. ఐదున్నరకు బస్సు హారన్ వినంగనే నన్ను రోడ్డు మీదికి పంపింది. అక్క దిగలే. ఇంట్లకొచ్చి గా మాట చెప్పలేకపొయ్యిన. బస్సు ఇంకా రాలేదమ్మా అన్న. పాణం పోయేదాక గా బస్సు కోసమే చూసింది.”

రెండు గంటలు. ఆ రెండు గంటలు తల్లీకూతుళ్లకు దక్కాల్సినవి. నా సొరుగులో ఉన్న చిన్న బిళ్ల వేసి ఉంటే దక్కేవి.

పదకొండో రోజు కర్మకు మళ్లీ వెళ్లాం. వంటలయ్యాక ఆడవాళ్లు వెనక పంచలో విస్తళ్లు తుడుస్తున్నారు. నేను నీళ్ల బిందె తెస్తూ తడిక ఇవతల ఉన్నాను. బామ్మర్ది భార్య అడుగుతోంది.

“నీ చీరలు ఈడనే నాలుగున్నయి గద వొదినా. పెళ్లికాడి నుంచి అటే బస్టాండుకు రాక మళ్ల ఇంటికెందుకు పోయినవ్?”

ఇన్ని రోజులూ నన్ను నేను ఒక మాటతో ఊరుకోబెట్టుకుంటున్నాను. బట్టలకో, మందులకో ఎట్లాగూ ఆమె ఇంటికి రావాల్సిందే, సగం తప్పు ఆ రాకపోకలది, అని. నా భార్య చెప్పిన జవాబు ఇది.

“చీరలకు పోలేదు. గా గడియారం కోసం పోయిన. వాన పడుతుండె. గా బస్సుల, గా తోపుడుల ఏమన్నయితే ఆయన తట్టుకోలేడు. ఆయన పాణమంత గా డబ్బాలనే ఉంటది. ఇంట్ల పెట్టి పోదామని పోయిన. తీసి చూస్తె తడి తాకి ఉన్నది. తడితోని పెట్టొద్దంటడు గద. తుడిచి, ఆరేదాక ఊదుకుంట కూసున్న.”

బిందె కింద పెట్టేశాను. ఆ ఇరవై నిమిషాలు ఆమె ఏం చేసిందో నాకు అప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నమే తిరుగు బస్సు ఎక్కాం. ఇద్దరి సీటులో ఆమె కిటికీ పక్కన. పర్ణశాల మలుపు దాటేదాకా ఎట్లా మొదలుపెట్టాలో వెతుక్కున్నాను. మొదలుపెట్టడానికి మంచి మాట ఏదీ లేదు.

“ఆ పొద్దు నీ గడియారంల నేను పాత సెల్లు వేసిన” అన్నాను. “అయిపోవస్తుందని తెల్సు. పూటకు సరిపోతదనుకున్న.”

బస్సు ఒక ఊళ్లో ఆగింది, వెదురు గంపలతో ఇద్దరు ఆడవాళ్లు ఎక్కారు, మళ్లీ కదిలింది. అప్పుడు నా వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

“కొత్తది ఇంట్ల ఉండెనా?”

లేదని చెప్పి ఉంటే బహుశా నమ్మేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

“ఉండె” అన్నాను.

తల ఊపింది. కిటికీ వైపు తిరిగింది. భద్రాచలంలో దిగి, వంతెన దాటి ఎప్పటిలాగే ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి అన్నం వండింది, నాకు వడ్డించింది, తర్వాత తాను తింది. ఆ రోజే కాదు, ఈ రోజుదాకా ఆమె నన్ను దాని గురించి ఒక్క మాట అనలేదు. తిట్టమని ఒకసారి అడిగాను కూడా. “తిడితే అమ్మ వొస్తదా” అని కుట్టుమిషన్ మీదికి వంగింది.